జింకల దారికి పటం

అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రంలో రెడ్ డిజర్ట్ అనే మెట్ట ఎడారి ఉంది. చలికాలంలో అక్కడి సేజ్ పొదల మధ్య మేసే మ్యూల్ డీర్ జింకలు ఏడాది పొడవునా ఆ చుట్టుపక్కలే తిరుగుతాయని చాలాకాలం అనుకున్నారు. 2011లో హాల్ సాయర్ అనే జీవశాస్త్రవేత్త వాటిలో కొన్నింటి మెడకు జీపీఎస్ పట్టీలు కట్టారు. ఎండలు ముదిరేసరికి ఆ జింకల్లో కొన్ని ఎడారిలో లేవు. 240 కిలోమీటర్లు ఉత్తరాన, హోబాక్ లోయ చుట్టూ ఉన్న కొండల్లో మేస్తూ కనిపించాయి.

ఎడారి దాటి, విండ్ రివర్ పర్వతాల పడమటి అంచు పట్టుకుని, గ్రీన్ నది ఎగువ మైదానం మీదుగా సాగే నడక అది. మధ్యలో తారురోడ్లు, పశువుల క్షేత్రాలు, ముళ్లకంచెలు, ఊళ్లు. ఇంతమంది మనుషుల పక్క నుంచే ఏటా రెండుసార్లు, వసంతంలో పైకి, చలి ముదరకముందు కిందికి, మందలు నడిచిపోతున్నాయి. దారిలో ఒక్కో ముక్క ఆయాచోట్ల ఉన్నవాళ్లకు తెలిసే ఉంటుంది. మొదలునీ చివరనీ కలిపి చూసినవాళ్లు లేరు. 2014లో ఆ దారి పటమెక్కింది. వన్యప్రాణుల కోసం ఈ కాలంలో జరిగిన పనుల్లో నా దృష్టిలో ఇంత విలువైనవి కొన్నే. కనపడని దారిని కాపాడటం ఎవరివల్లా కాదు.

ఎవరీ బాటసారులు?

మ్యూల్ డీర్ అంటే కంచరగాడిదకున్నంత చెవులున్న జింక. పడమటి అమెరికా అంతటా ఉంటుంది. ఇక్కడ వలస వెళ్లే రెండో జంతువు ఎల్క్. మన కణుజు కుటుంబంలోదే, ఒడ్డూ పొడుగూ ఇంకా ఎక్కువ. బాగా ఎదిగిన మగది 300 కిలోలు దాటుతుంది.

మూడోది ప్రాంగ్‌హార్న్. చూడటానికి మన లేడిలా ఉంటుంది కానీ జింకల జాతికీ లేళ్ల జాతికీ చెందినది కాదు. బతికున్న జంతువుల్లో దానికి దగ్గరి చుట్టాలు జిరాఫీ, ఒకాపీ. ఇది తన కొమ్ముల పైతొడుగును ఏటా రాల్చేసి కొత్తది పెంచుకుంటుంది. చీలిన కొమ్ము తొడుగును ఇలా ఏటా విడిచే జంతువు ప్రపంచంలో ఇదొక్కటే. గంటకు 90 కిలోమీటర్లకు దగ్గరగా పరుగెత్తుతుంది. ఉత్తర, దక్షిణ అమెరికాల్లో ఇప్పుడు దాన్ని తరిమి పట్టగల జంతువే లేదు. మరి అంత వేగం దేనికి? మంచుయుగం చివర్లో అంతరించిపోయిన అమెరికన్ చీతా నుంచి తప్పించుకోవడానికి అలవడిన పరుగు అదని జాన్ బయర్స్ అనే శాస్త్రవేత్త వాదన. వేటాడేది పోయి దాదాపు 12 వేల ఏళ్లయింది, పరుగు మాత్రం ఇంకా ఉంది.

పచ్చదనం వెంట పైపైకి

జింకలు అంత దూరం నడిచేది దేనికంటే, తిండికే. చలికాలంలో కొండల మీద మంచు పేరుకుపోయి మేత దొరకదు. అందుకే కిందికి దిగి, మంచు తక్కువగా ఉండే మెట్టల్లో ఎండిన పొదలు కొరుక్కుంటూ ఒంట్లో కొవ్వు కరిగించుకుని బతుకుతాయి. వసంతంలో ముందు కింది నేలల మీద మంచు కరుగుతుంది, అక్కడే మొదట చిగురు వేస్తుంది. తరవాత వారం వారం ఆ పచ్చదనం కొండ ఎక్కుతుంది. మొలకెత్తిన కొత్తలో గడ్డిలో మాంసకృత్తులు ఎక్కువ, పీచు తక్కువ, అరుగుదల తేలిక. ముదిరితే పీచే మిగులుతుంది. అందుకని జింకలు లేత చిగురు ఎక్కడుంటే అక్కడికి, దానితో పాటే పైకి నడుస్తాయి. పాలమూరు గొర్రెల కాపరులు మేత అయిపోయేకొద్దీ మందలు తోలుకుని కృష్ణా ఆయకట్టు వైపు సాగిపోయినట్టే ఇదీనూ. కాకపోతే ఇక్కడ కాపరి లేడు.

ఈ సంగతి తేల్చిచెప్పింది ఉపగ్రహాలు. భూమి మీద పచ్చదనం ఏ రోజు ఎక్కడ ఎంత ఉందో అంతరిక్షం నుంచి కొలవవచ్చు. ఆ కొలతల పక్కన జింకల మెడపట్టీలు పంపిన స్థానాలు పెట్టి చూస్తే, చిగురు సరిగ్గా తినే దశకు వచ్చిన రోజుల్లోనే చాలా జింకలు అక్కడికి చేరుతున్నాయని తెలిసింది. జెరోడ్ మెర్కిల్, ఎలెన్ ఐకెన్స్ వంటి పరిశోధకులు 2016, 2017లలో ఈ లెక్కలు ప్రచురించారు. కరువు ఏడాదుల్లో పచ్చదనం త్వరగా వచ్చి త్వరగా ఎండిపోతుంది, కాబట్టి జింకకు దొరికే మంచి మేత రోజులు తగ్గిపోతాయి.

నడక కంటే ఆగడమే ఎక్కువ

వలస అంటే తల వంచుకుని ఆగకుండా నడవడం అనుకుంటాం. సాయర్, మరో పరిశోధకుడు మాథ్యూ కాఫ్‌మన్ 2011లో ప్రచురించిన లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మ్యూల్ డీర్ వలస కాలంలో 95 శాతాన్ని దారి మధ్య మజిలీల్లోనే గడుపుతుంది. కొన్ని గంటలు నడిచి ఒక మజిలీ చేరి, అక్కడ రోజుల తరబడి మేసి, పక్క మజిలీకి కదులుతుంది. అంటే వాటికి దారి ఎంత ముఖ్యమో మజిలీలు అంతకంటే ముఖ్యం. దారి తెరిచి ఉంచి మజిలీ స్థలంలో ఇళ్లు కట్టేస్తే ఉపయోగం లేదు. పాత పటాల్లో ఈ తేడా ఉండేది కాదు, ఇప్పటి పటాల్లో మజిలీలను వేరే రంగుతో చూపిస్తున్నారు.

తల్లి చూపిన తోవ

ఇక నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసిన విశేషం. జింకకు దారి ఎలా తెలుస్తుంది? పుట్టుకతో వచ్చే తెలివా, నేర్చుకునేదా?

అమెరికాలో పెద్దకొమ్ముల కొండగొర్రెలు వేటవల్లా, జబ్బులవల్లా చాలాచోట్ల తుడిచిపెట్టుకుపోయాయి. వేరేచోట్ల మిగిలిన మందల నుంచి కొన్నింటిని పట్టి తెచ్చి ఆ ఖాళీ కొండల్లో వదిలారు. బ్రెట్ జెస్మర్ బృందం 2018లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ గొర్రెల గురించే. తరతరాలుగా ఒకేచోట ఉన్న మందల్లో 65 నుంచి 100 శాతం గొర్రెలు వలస వెళ్తున్నాయి. కొత్తగా తెచ్చి వదిలినవాటిలో 9 శాతం కూడా వెళ్లలేదు. అదే జాతి, అదే నెత్తురు, కళ్లముందు అవే కొండలు. కానీ ఆ నేల మీద మంచు ఎప్పుడు కరుగుతుందో, చిగురు ఎటు పాకుతుందో వాటికి చెప్పేవాళ్లు లేరు.

దశాబ్దాలు గడిచేకొద్దీ ఆ మందలు కొంచెం కొంచెంగా నేర్చుకున్నాయి. మందలో 80 శాతం వలస బాట పట్టడానికి కొండగొర్రెలకు దాదాపు 40 ఏళ్లు పట్టింది. మూస్ అనే పెద్ద దుప్పి జాతికైతే 90 ఏళ్లు. తల్లి వెంట నడిచి పిల్ల నేర్చుకుంటుంది, ఆ పిల్ల తల్లయ్యాక తన కూనకు చూపిస్తుంది. శాస్త్రవేత్తలు దీన్ని సంస్కృతి అనే పిలుస్తున్నారు. నాకు ఆ మాటలో అతిశయం కనిపించదు. దారి తెలిసిన మందను చంపేస్తే దారి కూడా పోతుంది. ఆ తరవాత అన్నే జంతువులను తెచ్చి వదిలినా ఆ జ్ఞానం వాటితో పాటు రాదు.

మ్యూల్ డీర్ విషయంలో జ్ఞాపకం ఇంకా గట్టిది. 2019లో మెర్కిల్ బృందం చేసిన లెక్కలో, ఈ ఏడాది చిగురు ఎక్కడుందో వెతుక్కోవడం కంటే పోయిన ఏడాది నడిచిన దారి గుర్తుండటమే జింక నడకను చాలా ఎక్కువగా నిర్ణయిస్తోందని తేలింది. అందుకే మ్యూల్ డీర్ దారి మార్చదు. రోడ్డు పడినా, గ్యాస్ బావి తవ్వినా, ఆ అంచునే వచ్చి నిలబడుతుంది. ఎల్క్‌లు కొంత నయం, ఆ ఏడాది మంచును బట్టి, వేటను బట్టి ముందు వెనకలవుతాయి, దారి కూడా కొంత మార్చుకుంటాయి.

జింక నంబరు 255

2016లో రెడ్ డిజర్ట్‌లో ఒక ఆడ మ్యూల్ డీర్‌కు పట్టీ కట్టారు. నంబరు 255. ఆ వేసవిలో పట్టీ నుంచి సమాచారం ఆగిపోయింది, జింక ఏమైందో తెలియలేదు. 2018 మార్చిలో హెలికాప్టర్ మీంచి వల వేసి జింకలను పడుతుంటే, మళ్లీ అదే ఎడారిలో అదే జింక దొరికింది. దాని దారి మామూలుది కాదు. హోబాక్ దగ్గర ఆగకుండా ఇంకా ఉత్తరానికి, రాష్ట్రం సరిహద్దు దాటి, ఐడహోలోని ఐలండ్ పార్క్ దాకా నడిచింది. ఒకవైపు 242 మైళ్లు, అంటే దాదాపు 390 కిలోమీటర్లు. నమోదైన మ్యూల్ డీర్ వలసల్లో అదే అతి పొడవైనది. కొత్త పట్టీతో పంపితే మళ్లీ అక్కడికే వెళ్లింది, తిరిగి వచ్చింది.

విచిత్రం ఏమిటంటే, చలికాలం దీని పక్కనే మేసిన జింకల్లో కొన్ని ఎడారి దాటవు, కొన్ని సగం దూరం వెళ్లి ఆగుతాయి. ఒకే మందలో మూడు రకాల బతుకులు. ఏ ఏడాది ఎవరికి కలిసొస్తుందో మంచూ వానా నిర్ణయిస్తాయి కాబట్టి, ఈ తేడా మొత్తం మందకు రక్ష. 255 నంబరు జింక 2024లో చనిపోయింది.

పది కిలోల పట్టీ నుంచి

ఎల్క్‌ల దారి తెలుసుకోవాలని 1927లో ఓలస్ మ్యూరీ అనే జీవశాస్త్రవేత్త వ్యోమింగ్‌లోని జాక్సన్ హోల్ లోయకు వచ్చినప్పుడు ఆయన దగ్గరున్న సాధనాలు కాళ్లు, గుర్రం, దుర్భిణి, నోటుపుస్తకం. ఏళ్ల తరబడి వాటి వెంట తిరిగి చూసినదంతా 1951లో పెద్ద పుస్తకంగా వేశారు. తరవాత రేడియో పట్టీలు వచ్చాయి. వాటి శబ్దం పట్టడానికి యాంటెనా పట్టుకుని మనిషి విమానంలోనో కాలినడకనో జంతువుకు దగ్గరగా వెళ్లాలి. నెలకు నాలుగైదు చుక్కలు దొరికితే గొప్ప.

1970లో ఫ్రాంక్, జాన్ క్రెయిగ్‌హెడ్ అనే అన్నదమ్ములు జాక్సన్ దగ్గర ఒక ఆడ ఎల్క్‌కు ఉపగ్రహంతో మాట్లాడే పట్టీ కట్టారు. నింబస్-3 ఉపగ్రహం దాని జాడ పట్టింది. ఎల్క్ పేరు మోనిక్. పట్టీ బరువు పది కిలోలకు పైనే. ఇప్పటి పట్టీలు జింక మెడకు భారం అనిపించనంత తేలిక. గంటకో రెండు గంటలకో ఒకసారి స్థానం నమోదు చేస్తాయి, అనుకున్న రోజుకు వాటంతట అవే ఊడి పడిపోతాయి. పట్టీ కట్టేటప్పుడు జింకకు అల్ట్రాసౌండ్ స్కానింగ్ కూడా చేస్తారు. కడుపులో పిల్లలున్నాయా, పిర్ర మీద కొవ్వు ఎంత మందాన ఉంది అని చూస్తారు. శరత్కాలంలో ఎంత కొవ్వుతో కిందికి దిగిందో, వసంతానికి ఎంత మిగిలిందో తెలిస్తే, దాని వేసవి మేత బాగుందో లేదో చెప్పవచ్చు.

చుక్కలు దారి ఎలా అవుతాయి?

రెండు గంటలకొక చుక్క అంటే, మధ్యలో ఆ జింక ఎటు తిరిగిందో ఊహించాలి. గీటుబద్ద పెట్టి రెండు చుక్కలూ కలిపితే తప్పు దారి వస్తుంది. అందుకని ఈ చుక్క నుంచి ఆ చుక్కకు పోయేటప్పుడు జింక ఎక్కడెక్కడ ఉండే అవకాశం ఎంతెంతో గణితంతో లెక్కగడతారు. దుమ్ము కణం నీటిలో తడబడుతూ కదిలే తీరును వివరించే లెక్కే దీనికి ఆధారం. అలా ఒక్కో జింకకు సన్నటి గీత బదులు వెడల్పాటి దారి వస్తుంది. పదుల కొద్దీ జింకల దారులు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఎక్కువ జంతువులు నడిచే పట్టీ ముదురు రంగులో తేలుతుంది. 2009లో సాయర్ బృందం ఈ పద్ధతిని వలస దారుల కోసం వాడి చూపించింది. నేడు పడమటి రాష్ట్రాల వన్యప్రాణి శాఖల సిబ్బంది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో సొంతంగా ఈ పటాలు గీసుకుంటున్నారు.

ఎముకలు చెప్పిన సంగతి

వ్యోమింగ్‌లో పైన్‌డేల్ ఊరి దగ్గర ట్రాపర్స్ పాయింట్ అని ఒక ఇరుకు చోటు ఉంది. రెండు నదుల మధ్య నేల సన్నబడి, వలస మందలన్నీ అందులోంచే దూరాలి. 1990లలో రోడ్డు పనుల కోసం అక్కడ తవ్వితే ప్రాంగ్‌హార్న్ ఎముకలు గుట్టలుగా బయటపడ్డాయి. దాదాపు 6,000 ఏళ్ల నాటివి. వాటిలో పుట్టని పిల్లల ఎముకలు కూడా ఉన్నాయి. అంటే చూలుతో ఉన్న తల్లులు వసంతంలో ఉత్తరానికి వెళ్తుంటే ఆనాటి వేటగాళ్లు సరిగ్గా అక్కడే కాపు కాశారన్నమాట. ఈజిప్టులో పిరమిడ్లు లేవు, మన దగ్గర హరప్పా నగరాలు లేవు, కానీ ఆ ప్రాంగ్‌హార్న్‌ల తోవ ఉంది.

ఇప్పుడు ఆ తోవన నడిచే మందలు గ్రాండ్ టీటన్ జాతీయ పార్కులో వేసవి గడిపి, గ్రీన్ నది మైదానంలో చలికాలం గడుపుతాయి. జోయెల్ బర్గర్ వంటి పరిశోధకులు దారిని గుర్తించాక, 2008లో బ్రిడ్జర్-టీటన్ జాతీయ అటవీ శాఖ తన పరిధిలోని భాగాన్ని వలస దారిగా ప్రకటించి రక్షణ ఇచ్చింది. అమెరికా కేంద్ర ప్రభుత్వ పరిధిలో అలాంటి గుర్తింపు అదే మొదటిది.

మరి ఆ ఇరుకు చోట హైవే 191 అడ్డంగా పోతుంది కదా? 2012లో అక్కడ జంతువుల కోసం రోడ్డు మీదుగా రెండు వంతెనలు, రోడ్డు కింద ఆరు దారులు కట్టారు. మూడేళ్లు కెమెరాలు పెట్టి చూశారు. ప్రాంగ్‌హార్న్‌లలో 93 శాతం వంతెన ఎక్కాయి, మ్యూల్ డీర్‌లో 79 శాతం కింది దారి పట్టాయి. ప్రాంగ్‌హార్న్ కళ్లతో బతికే జంతువు. చుట్టూ ఆరుబయలు కనిపించకపోతే అడుగు వేయదు. పక్కపక్కనే నడిచే రెండు జాతులకు రెండు రకాల దారులు కావాలని కెమెరాలు చెబితేనే తెలిసింది. ఎల్లోస్టోన్ చూడటానికి దక్షిణం నుంచి కారులో వెళ్లే మనవాళ్లు చాలామంది ఈ వంతెనల కిందుగానే పోతుంటారు. పైన గడ్డి ఉన్న వంతెన కనిపిస్తే అది మనుషులది కాదని గుర్తుపట్టండి.

దూకని పరుగుల రాణి

గంటకు 90 కిలోమీటర్ల పరుగున్న ప్రాంగ్‌హార్న్ నాలుగడుగుల కంచె దూకడానికి జంకుతుంది. దూకలేకపోవడం కాదు, దూకే అలవాటు లేదు. చెట్లూ పొదలూ అడ్డంలేని మైదానంలో పెరిగిన జాతికి ఎగరాల్సిన అవసరం రాలేదు. కంచె ఎదురైతే కింది తీగ కిందుగా పాక్కుంటూ దూరుతుంది. తీగ నేలకు దగ్గరగా ఉంటే వీపు చీరుకుంటుంది, లేదంటే దారి కోసం కంచె వెంట కిలోమీటర్ల కొద్దీ నడుస్తుంది.

వెన్‌జింగ్ షూ బృందం 2021లో పడమటి వ్యోమింగ్‌లో లెక్క తీసింది. ఒక్క ప్రాంగ్‌హార్న్ ఏడాదిలో సగటున 248 సార్లు కంచెకు ఎదురుపడుతోంది. మ్యూల్ డీర్ 119 సార్లు. ఈ సంఖ్యలు చదివాక పటం మీద సన్నగా కనిపించే కంచెలను మునుపటిలా చూడలేం. దీనికి విరుగుడు పెద్ద ఖర్చుతో కూడింది కాదు. కింది తీగను ముళ్లు లేని నున్నటి తీగగా మార్చి, నేలకు 40 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తున కడితే ప్రాంగ్‌హార్న్ దూరిపోతుంది. పశువులు మాత్రం లోపలే ఉంటాయి. జాక్సన్ హోల్ ప్రాంతంలో స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్లుగా పాత కంచెలు పీకి, ఉన్నవాటిని ఇలా సరిచేస్తున్నారు.

ఒక కంచె మీద కోర్టు తీర్పు

1983లో రాలిన్స్ పట్టణం దగ్గర రెడ్ రిమ్ అనేచోట ఒక పశువుల యజమాని 28 మైళ్ల పొడవున వలకంచె కట్టాడు. అక్కడ ప్రైవేటు భూమీ ప్రభుత్వ భూమీ చదరంగం గళ్లలా కలగలిసి ఉంటాయి. ఆయన కంచె తన గళ్లలోనే వేశాడు, కానీ అది ప్రభుత్వ గళ్లను కూడా చుట్టేసింది. చలికాలపు మేతకు వచ్చిన ప్రాంగ్‌హార్న్‌లు బయటే ఆగిపోయి చచ్చాయి. కేసు నడిచింది. ప్రభుత్వ భూమిని కంచెతో మూసివేయకూడదని 1885లో చేసిన చట్టం ఉంది. పెద్ద పశువుల యజమానులు ఇతరులను అడ్డుకోకుండా ఉండటానికి పుట్టిన చట్టం అది. 1988లో అప్పీలు కోర్టు అదే చట్టం కింద కంచె తీసేయాలని లేదా ప్రాంగ్‌హార్న్‌లు దాటేలా మార్చాలని తేల్చింది. వందేళ్ల కిందట మనుషుల తగాదాకు రాసిన చట్టం ప్రాంగ్‌హార్న్‌ను మేతకు చేర్చింది.

పటం చూసి కొన్న నేల

పైన్‌డేల్ ఊరికీ ఫ్రీమాంట్ చెరువుకూ మధ్య అర కిలోమీటరు కూడా లేని సన్నటి నేల ఉంది. రెడ్ డిజర్ట్ నుంచి వచ్చేవీ, కొండల కింద చలికాలం గడిపేవీ కలిసి నాలుగైదు వేల మ్యూల్ డీర్ ఆ సందులోంచే వెళ్లాలి. 2014లో పటం బయటికి వచ్చాక ఇది అందరి కంటా పడింది. అక్కడి 364 ఎకరాల ప్రైవేటు భూమిలో ఇళ్లు లేస్తే మొత్తం వలస ఆగిపోతుంది. ది కన్జర్వేషన్ ఫండ్ అనే సంస్థ ముందుకొచ్చి ఆ భూమి కొనేసి, తరవాత రాష్ట్ర వన్యప్రాణి శాఖకు అప్పగించింది. 240 కిలోమీటర్ల దారిలో ఏ 364 ఎకరాలు కొనాలో పటం లేకుండా చెప్పగలిగేవాళ్లు లేరు.

ఆగిపోయిన చోట

గ్యాస్ బావులు తవ్వితే జింకలు చచ్చిపోవు, దారి పూర్తిగా మూసుకుపోదు. అందుకని నష్టం లేదనే వాదన ఉండేది. దక్షిణ వ్యోమింగ్‌లో 14 ఏళ్ల సమాచారం పరిశీలించి ఐకెన్స్ బృందం 2022లో చెప్పింది వేరు. వసంతంలో పచ్చదనంతో పాటే నడిచివస్తున్న జింకలు బావుల ప్రాంతం అంచుకు రాగానే ఆగిపోతున్నాయి. అవి తటపటాయిస్తూ నిలబడినన్నాళ్లూ చిగురు ఆగదు, కొండ ఎక్కుతూ పోతుంది. తరవాత దాటినా వాటికి దొరికేది ముదిరిన గడ్డే. పటంలో దారి అలాగే ఉంటుంది, దాని ఫలం మాత్రం పోతుంది.

కొండ మీద కొవ్వు పట్టకపోతే చలికాలం లెక్క తప్పుతుంది. 2022–23 చలికాలం పడమటి వ్యోమింగ్‌లో అతి కఠినంగా గడిచింది. వ్యోమింగ్ రేంజ్ అనే కొండల మ్యూల్ డీర్ మందలో పట్టీలు కట్టిన కూనలన్నీ వసంతానికి ముందే చనిపోయాయి. అటువంటి ఏడాది తరవాత మిగిలిన ముసలి తల్లుల తలల్లో ఉన్న దారే మందకు ఆస్తి.

కొమ్ముల తోరణాలు

జాక్సన్ ఊరి నడిబొడ్డున ఉన్న చిన్న పార్కుకు నాలుగు మూలలా ఎల్క్ కొమ్ములతో కట్టిన తోరణాలు ఉంటాయి. వాటి కోసం ఏ ఎల్క్‌నూ చంపలేదు. మగ ఎల్క్‌లు ఏటా వసంతంలో కొమ్ములు రాల్చేస్తాయి. పక్కనే ఉన్న జాతీయ ఎల్క్ ఆశ్రయంలో రాలినవాటిని బాయ్ స్కౌట్ పిల్లలు ఏరి తెచ్చి వేలం వేస్తారు. వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం ఆశ్రయానికే చేరుతుంది.

ఆ ఆశ్రయం పుట్టుక మాత్రం బాధాకరం. జాక్సన్ లోయలో ఊళ్లూ పొలాలూ వెలిసి ఎల్క్‌ల చలికాలపు మేత నేలలు పోయాయి. 1909 నుంచి వరసగా వచ్చిన కఠిన చలికాలాల్లో అవి ఆకలితో గుంపులుగా చచ్చాయి. స్థానికులు చందాలు వేసుకుని గడ్డి పెట్టారు, 1912లో ప్రభుత్వం ఆశ్రయం ఏర్పాటు చేసింది. అప్పటి నుంచీ చలికాలంలో మేత వేస్తున్నారు. వేల ఎల్క్‌లు ఒకేచోట మూతులు కలిపి తినడం వల్ల జబ్బులు పాకుతాయని శాస్త్రవేత్తల హెచ్చరిక. మెదడును తినేసే క్రానిక్ వేస్టింగ్ జబ్బు ఆ ప్రాంతంలోకి వచ్చాక ఆ భయం పెరిగింది. ఒకసారి దారి తెగితే దానికి మనం వేసే అతుకు వందేళ్లయినా అతుకుగానే ఉంటుందనడానికి ఇంతకంటే నిదర్శనం నాకు తెలియదు.

పటాల సంపుటాలు

2018లో అమెరికా అప్పటి అంతర్గత వ్యవహారాల శాఖ మంత్రి ర్యాన్ జింకీ 11 పడమటి రాష్ట్రాల్లో మ్యూల్ డీర్, ఎల్క్, ప్రాంగ్‌హార్న్‌ల వలస దారులనూ చలికాలపు నేలలనూ కాపాడాలని ఉత్తర్వు ఇచ్చారు. చమురు, గ్యాస్ తవ్వకాలకు గట్టి మద్దతుదారైన ప్రభుత్వం నుంచి వచ్చిన ఉత్తర్వు కాబట్టి ఇది అందరినీ ఆశ్చర్యపరిచింది. వేటగాళ్లూ, పశువుల యజమానులూ, పర్యావరణవేత్తలూ కలిసి నిలబడే అంశాలు అమెరికాలో ఎన్నో లేవు, ఇది వాటిలో ఒకటి. అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఒక పటాల బృందాన్ని ఏర్పాటు చేసింది. కాఫ్‌మన్ నాయకత్వంలో మొదటి సంపుటం 2020 నవంబరులో వెలువడింది, అందులో 40కి పైగా వలసలున్నాయి. తరవాత మరిన్ని సంపుటాలు వచ్చాయి. అంతకుముందే 2018లో వ్యోమింగ్ వలసల మీద అందమైన అట్లాసు ఒకటి వచ్చింది. దాని పటాలు గీసింది ఆరెగాన్ విశ్వవిద్యాలయం పటాల విభాగం.

2021లో చేసిన మౌలిక సదుపాయాల చట్టంలో రోడ్లపై జంతువుల దారులకు 35 కోట్ల డాలర్లు కేటాయించారు. ఎంత ఖర్చో అనిపిస్తుంది. కానీ అమెరికాలో ఏటా పది లక్షలకు పైగా వాహనాలు పెద్ద జంతువులను గుద్దుతున్నాయి, దాదాపు 200 మంది మనుషులు చనిపోతున్నారు. వ్యోమింగ్‌లో నగెట్ కనుమ దగ్గర హైవే కింద దారులు కట్టాక మూడేళ్లలో 49 వేలకు పైగా మ్యూల్ డీర్ రాకపోకలు కెమెరాలకు చిక్కాయి, గుద్దుకోవడాలు 81 శాతం తగ్గాయి.

మిగతా ప్రపంచం

నేల మీద నమోదైన అతి పొడవైన వలస ఉత్తర ధ్రువ ప్రాంతపు కారిబూలది, రానూపోనూ 1,350 కిలోమీటర్లు. దక్షిణ సూడాన్‌లో 2024లో వెలువడిన విమాన సర్వే అక్కడ దాదాపు 60 లక్షల లేళ్లు వలస తిరుగుతున్నాయని అంచనా వేసింది. అంతర్యుద్ధాల మధ్య ఇంత పెద్ద వలస మిగిలి ఉందని చదివినప్పుడు చాలా సంతోషం కలిగింది. మంగోలియాలో రైల్వే లైను పక్క కంచెలో కొంతభాగం తీసేస్తే, 2020లో అడవి గాడిదలు దాదాపు 65 ఏళ్ల తరవాత ఆ లైను దాటాయి.

2020 ఫిబ్రవరిలో వలస జీవుల ఒప్పందం దేశాల సదస్సు మన గాంధీనగర్‌లో జరిగింది. ఆ ఒప్పందం గొడుగు కిందే ఇప్పుడు ప్రపంచమంతటి గిట్టల జంతువుల వలస దారులతో అట్లాసు తయారవుతోంది. వ్యోమింగ్‌లో పనిచేసినవాళ్లే అందులోనూ ఉన్నారు.

మన దేశంలో నగెట్ కనుమ లాంటి ఏర్పాటు చూడాలంటే హైదరాబాద్ మీదుగా పోయే 44వ జాతీయ రహదారి పట్టుకుని నిర్మల్, ఆదిలాబాద్, నాగపూర్ దాటాలి. పెంచ్ పులుల అడవిలో, మహారాష్ట్ర వైపు ఆ రోడ్డును తొమ్మిది చోట్ల పైకెత్తి కింద జంతువులకు దారి వదిలారు. భారత వన్యప్రాణి సంస్థ 2019లో కెమెరాలు పెట్టి చూస్తే పులులతో సహా 18 జాతుల జంతువులు వాటి కిందుగా వెళ్తున్నాయి. మన తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల జింక కూడా వాటిలో ఉంది. తాడోబా, తిప్పేశ్వర్ అడవుల నుంచి పులులు ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు నడిచి వస్తున్నాయి. వాటి దారిలో కూడా పత్తిచేలూ, రోడ్లూ, రైలు పట్టాలూ ఉన్నాయి.